ఈరక్కను లేపిన కథ

ఇదివరకు తెల్లవారితే సిద్దమ్మకు మొదటి పని వాకిట్లో పేడనీళ్ళు చల్లడం. తరువాత నాలుగు గీతల ముగ్గు. ముగ్గు పూర్తయ్యేసరికి లోపల నులకమంచం మీద మహానందయ్య గొంతు సవరించుకునేవాడు. ఆమె పొయ్యి రాజేసి, జొన్నపిండి జల్లించడానికి గోడకున్న జల్లెడ అందుకునేది. ఆ ఇంట్లో జల్లెడకూ తంబూరకూ ఒకటే మేకు. జల్లెడ తీసినప్పుడల్లా తంబూర ఝుమ్మనేది.

"తంబూరకు తగిలినావా?" అని మంచం మీద నుంచి కేక.

"నేను తగల్లేదు, అదే వచ్చి నాకు తగిలింది" అని పొయ్యి దగ్గర నుంచి జవాబు.

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన పోయేదాకా ఆ ఇంట్లో తెల్లవారడమంటే అదే.

ఇప్పుడు పేడనీళ్ళ బక్కెట్టు పట్టుకొని తలుపు తీస్తే, వాకిట్లో అప్పటికే మనుషులుంటారు. జ్వరంతో మూలిగే బిడ్డలను భుజాన వేసుకొని, చెప్పులు వీధిలో విడిచి, గడప వైపే చూస్తూ కూర్చుని ఉంటారు. మనుషుల కాళ్ళ మీద పేడనీళ్ళు చల్లలేం కదా. సిద్దమ్మ బక్కెట్టును మళ్ళీ లోపల పెట్టుకుంటుంది. జల్లెడ వంటింట్లో ఒక మూలకు పోయింది. తంబూర మాత్రం పీట ఎక్కింది. దానికి పూలదండ, కుంకుమబొట్టు, ముందర మోకాలెత్తు ఇత్తడి దీపం. బతికున్నన్నాళ్ళూ ఆ తంబూర మీది దుమ్ము తుడుచుకోమని మొగుడితో పోట్లాడిన మనిషి, ఇప్పుడు రోజూ సందెవేళ దాని ముందు దీపం పెట్టాలి.

ఇదంతా ఒక హరికథ తెచ్చిపెట్టిన వైభోగం.

మహానందయ్యది కోయిలకుంట్లే. మెట్టచేను కొంచెం ఉండేది. మిగతా పొద్దు పెద్దిళ్ళ పిల్లలకు సరళీస్వరాలు చెప్పేవాడు. చేనికి పోతూ వస్తూ కీర్తనలు కట్టేవాడు. కట్టినదాన్ని వినిపించడానికి మనిషి దొరక్క ఎద్దులకు వినిపిస్తాడని సిద్దమ్మ ఎగతాళి చేసేది. ఊళ్ళో ఆయన పేరు 'పాటల మహానంది'. పెళ్ళిళ్ళకు పిలిచి పాడించుకున్నవాళ్ళు, భోజనాల దగ్గర మాత్రం బాజావాళ్ళతో పాటు ఆఖరి బంతిలో కూర్చోబెట్టేవాళ్ళు. అట్లా కూర్చోబెట్టిన వాళ్ళలో తిమ్మయ్య మొదటివాడు. కోయిలకుంట్లలో పెద్ద భూస్వామి. ఊళ్ళో మొదటి రేడియో కూడా ఆయన ఇంటికే వచ్చింది.

ఆ రేడియోలోనే ఒకరోజు మద్రాసు విద్వాంసుడెవరో మహానందయ్య కీర్తన పాడాడు. పాట అయిపోయాక, ఇది కోయిలకుంట్ల మహానందయ్యగారి కృతి అని చెప్పారు. తిమ్మయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఈ ఊళ్ళో ఇంకో మహానందయ్య ఎవరబ్బా అని ఆలోచించినవాళ్ళు కూడా ఉన్నారు. అప్పటికే ఆయనను ఉబ్బసం మంచానికి కట్టేసింది. చూడటానికి ఒకరిద్దరు వచ్చారు. ఆ ఏడాదే పోయాడు. పాడె మోయడానికి మనుషులు చాలక, పక్కింటి ఏసేపు తన కొడుకులను చేను నుంచి పిలిపించాడు.

తరువాత కర్నూలు రాజధాని అయింది. గుడారాలు వేశారు, సర్కారు కచేరీలు పెట్టారు, జీపులు తిరిగాయి. అన్నీ సమకూరాక, కొత్త రాజధాని చుట్టుపక్కల ఒక వాగ్గేయకారుడు కూడా ఉంటే బాగుంటుందని పెద్దమనుషులకు తోచింది. తంజావూరి వైపు వాళ్ళకు అంతమంది ఉన్నారే, మనకెవరు అని వెతికితే రేడియోలో విన్న పేరు దొరికింది. అంతే. తిమ్మయ్య లేచి ఒక సంగీత సభ పెట్టి, దానికి తానే అధ్యక్షుడయ్యాడు. ఆఖరి బంతిలో కూర్చున్న మనిషికి ఊరేగింపు పటం కట్టించాడు. మహానందయ్య జీవితచరిత్రను హరికథగా కట్టమని కర్నూలు నుంచి గోపన్నదాసును పిలిపించాడు.

గోపన్నదాసు పట్టుధోవతి కట్టుకొని, చెవులకు ఎర్రరాళ్ళ పోగులతో తిమ్మయ్య బండిలో దిగాడు. సిద్దమ్మ ఇంట్లో చాప మీద కూర్చొని, సంగటీ ఊరిబిండి పచ్చడీ తృప్తిగా తిని, చేతులు కడుక్కొని అడగడం మొదలుపెట్టాడు.

"అమ్మా, వారు పాడేటప్పుడు స్వామివారు ఎప్పుడైనా కనబడినారా?"

"కనబడింటే నాకు చెప్పకుండా ఉంటాడా నాయనా? దోమ కుడితేనే ఇల్లంతా లేపుతుండె."

"పోనీ, కలలో?"

"కలలో గూడా ఎద్దులనే అదిలిస్తుండె."

"వారికి ఆహారం మీద ధ్యాసే ఉండేది కాదంటారు."

"ఎవురు చెప్పింది? కూరలో ఉప్పు తక్కువైతే ఆ పొద్దంతా నాతో మాట్లాడకపాయె."

దాసు నవ్వలేదు. ఈ మాటలతో ఆయనకు పనిలేదు. సంతలో పుచ్చు వంకాయలు పక్కకు తోసినట్టు వాటిని తోసేస్తూ అసలు సరుకు కోసం చూస్తున్నాడు. చివరికి అడిగాడు.

"మీకు సంతానం?"

సిద్దమ్మ ఎంగిలి కంచం పక్కకు జరిపింది. ఊళ్ళో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఇంట్లో మొగుడూ పెళ్ళామూ కూడా ఎత్తుకోలేదు.

"ఒక్క బిడ్డ. ఈరక్క. జొరమొచ్చింది. ఆయప్ప పాడినాడు. పోయింది."

"పోయి?"

"పోయి ఏముంది నాయనా, పోయింది."

"ఆ తరువాత ఏమీ జరగలేదా?" దాసు గొంతులో నిరాశ దాగలేదు.

"జరక్కేం. శానా దినాలు ఆయప్ప ఇంటి తలుపు గడియ పెట్టనీలే. కుక్కలు లోపలికొచ్చి సంగటిలో మూతి పెడుతుండె. ఆ దినాల్లోనే 'తలుపు తెరిచే ఉన్నదమ్మా' అని కట్టినాడు."

దాసు కళ్ళు మెరిశాయి. "ఆ కీర్తనేనమ్మా రేడియోలో వచ్చింది! మా తల్లే!" అంటూ లేచి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. కుక్కల సంగతి ఆయన చెవికి ఎక్కనే లేదు.

మహానందయ్య వర్ధంతి నాడు సంతబయలులో పందిరి వేసి హరికథ పెట్టారు. సిద్దమ్మను ముందు వరుసలో చాప మీద కూర్చోబెట్టారు. దీపం మాత్రం తిమ్మయ్య భార్య నాగలక్ష్మమ్మ వెలిగించింది. మొగుడు లేని ఆడది మంగళదీపం ముట్టుకుంటే ఎట్లా అని. ఆ మొగుడి పేరు మీదే కదా పందిరి అని ఎవరికీ తోచలేదు. తోచినా, తోచనట్టు ఉండటం పెద్దమనుషులకు చేతనవుతుంది.

దాసు గజ్జెలు కట్టి, చిడతలు వాయిస్తూ పందిరంతా తిరిగాడు. ఆయన కథలో మహానందయ్య పుట్టగానే ఏడవలేదట, ఆలాపన చేశాడట. వచ్చిన అన్నం వచ్చినట్టే బిచ్చగాళ్ళకు పెట్టేవాడట. భార్య సిద్దమ్మ మహాసాధ్వి, భర్త ముఖం వైపు కన్నెత్తి చూడనిది, ఒక్కనాడూ ఎదురు మాట్లాడనిది.

పక్కన కూర్చున్న గిడ్డమ్మ, చిన్నప్పటి నుంచి సిద్దమ్మకు స్నేహితురాలు, మోచేత్తో పొడిచింది. "ఎవురక్కా ఆ సిద్దమ్మ?"

"ఏమో. ఏ ఊరిదో."

ఇద్దరూ కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. అప్పటిదాకా సిద్దమ్మకు కోపం లేదు. మొగుణ్ణి దేవుణ్ణి చేస్తే ఆమెకు పోయేదేమీ లేదు. ఆలాపన చేస్తూ పుట్టాడంటే పుట్టాడు.

అప్పుడు దాసు గొంతు దించాడు. కథలోకి ఈరక్క వచ్చింది.

ముద్దుల కూతురికి జ్వరం వచ్చింది. వైద్యులు పెదవి విరిచారు. బిడ్డ ఊపిరి ఆగింది. తల్లి మూర్ఛపోయింది. తండ్రి బిడ్డను తంబూర ముందు పడుకోబెట్టి, ఇంటి తలుపులు బార్లా తీసి, 'తలుపు తెరిచే ఉన్నదమ్మా' అని ఎత్తుకున్నాడు. చరణం ముగిసేసరికి తెరిచిన తలుపులో నుంచి అమ్మవారు గజ్జెలు మోగించుకుంటూ నడిచి వచ్చింది. ఇక్కడ దాసు తన గజ్జెలే మోగించాడు. బిడ్డ కళ్ళు తెరిచి, "నాయనా, ఆకలి" అంది.

పందిరంతా గోవిందా అని అరిచింది. ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. తిమ్మయ్య కండువాతో కళ్ళొత్తుకున్నాడు. గిడ్డమ్మ మాత్రం సిద్దమ్మ చెయ్యి గట్టిగా పట్టుకొని కదలకుండా కూర్చుంది.

అసలు ఈరక్క పోయిన రోజు శుక్రవారం. ఈరక్కకు జ్వరం వచ్చి అప్పటికే కొన్నాళ్ళు. పొద్దున మెడ బిగుసుకుపోయింది, చూపు నిలవడం లేదు. ఏసేపు వచ్చి చూసి, "అన్నా, ఇంక ఆలిస్యం వద్దు, జమ్మలమడుగు ఆస్పత్రికి పోదాం" అని తానే బండి కట్టి తెచ్చి వాకిట్లో నిలిపాడు. మహానందయ్య వినలేదు. అంతకుముందు ఏడాది ఆయన పాడుతుండగా వాన పడింది. ఊరంతా ఆయన పాటకే పడిందని అన్నారు. ఆ మాట ఆయన తలకెక్కి కూర్చుంది. "సందె దీపం పెట్టినాక పోదాం, అంతవరకు అమ్మవారి ముందర పాడతా" అని బిడ్డను తంబూర కింద పడుకోబెట్టి మొదలుపెట్టాడు. సిద్దమ్మ బతిమాలింది, తిట్టింది. శ్రుతి చెడగొట్టొద్దని చేత్తో సైగ చేశాడు. వాకిట్లో ఎద్దులు కాడి మోస్తూ నిలబడే ఉన్నాయి. పొద్దు గూకింది. సిద్దమ్మ గూట్లో దీపం వెలిగించి, ఇంక ఎక్కిద్దామని తిరిగేసరికి, ఎక్కించడానికి బిడ్డ లేదు. ఆయన కళ్ళు మూసుకొని ఇంకా పాడుతూనే ఉన్నాడు.

జరిగింది అది. సిద్దమ్మ దాసుకు మూడు మాటల్లో చెప్పిందీ అదే. దాసు జ్వరం ఉంచుకున్నాడు, పాట ఉంచుకున్నాడు, మూడోదాన్ని తీసేసి తన గజ్జెలు పెట్టాడు.

మంగళహారతి అయ్యాక, దాసు చెమట తుడుచుకుంటూ సిద్దమ్మ దగ్గరికి వచ్చాడు. చుట్టూ తిమ్మయ్య, నాగలక్ష్మమ్మ, ఊరి పెద్దలు.

"ఎట్లుందమ్మా కథ?"

"శానా బాగుండాది నాయనా. మా ఈరక్క లేచింది గదా. లేచి యాడికి పోయిందో గూడా చెప్పు. ఒక్క దినం నా పక్కలో పండుకోబెట్టుకొని పంపిస్తా."

దాసు బిత్తరపోయాడు. "అమ్మా, అది... జనంలో భక్తి పుట్టాలని..."

"భక్తి కావాలంటే నీ బిడ్డను సంపుకొని నీ బిడ్డను లేపుకో. ఊరోళ్ళ బిడ్డలతో నీకేం పని?"

తిమ్మయ్య మధ్యలోకి వచ్చాడు. "అక్కా, దుఃఖంలో ఉండావు, ఇంటికి పో. దాసుగారూ, మీరేమీ అనుకోవద్దు." మర్నాడు ఊళ్ళో, సిద్దమ్మకు కథ విని ఒళ్ళు తెలియలేదనీ, అమ్మవారు పూనిందనీ చెప్పుకున్నారు. ఈ జనంతో వచ్చిన చిక్కు ఇదే. తిట్టినా దండం పెడతారు.

వారం తిరగకముందే జ్వరంతో మొదటి బిడ్డ వాకిట్లోకి వచ్చింది. ఆ తరువాత బద్వేలు వైపు నుంచి, ఆత్మకూరు వైపు నుంచి కూడా వచ్చారు. దాసు ఊరూరా అదే కథ చెబుతున్నాడు మరి. తిమ్మయ్య పీట చేయించాడు, ఇత్తడి దీపం తెప్పించాడు. రోజూ సందెవేళ సిద్దమ్మే చమురు పోసి వెలిగించాలన్నాడు. ఆ దీపం చమురు నుదుట రాస్తే జ్వరాలు దిగుతాయని ఎవరు పుట్టించారో పుట్టించారు. పందిట్లో పనికిరాని విధవ చెయ్యి, రోజూ చమురు పోసి వత్తి ఎగదోయడానికి మాత్రం భేషుగ్గా పనికొచ్చింది.

సిద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేది. "ఈడ ఏమీ లేదమ్మా, ఆస్పత్రికి పోండి."

"చూడు, ఎంత నిగర్వమో" అనుకొని వాళ్ళు ఇంకోసారి మొక్కేవారు. మామూలు జలుబు దిగిన బిడ్డల తల్లులు కొబ్బరికాయలు తెచ్చేవారు. దిగని బిడ్డల తల్లులు మళ్ళీ కనబడేవారు కాదు. వాళ్ళు ఏమయ్యారని తిమ్మయ్య సభ ఎన్నడూ ఆరా తీయలేదు.

అసలు మాట చెబితే ఇదంతా పోయేది. అది ఆమె నోటికి రాలేదు. చెప్పాలంటే మొగుడి పేరు చెప్పాలి. ఆయన చేసిన పని ఆయనకు తెలుసు. ఆ శుక్రవారం తరువాత ఆ మనిషి జ్వరపడ్డ బిడ్డ ముందర పాటకు నోరు తెరవలేదు. వీధిలో ఎవరి బిడ్డకు ఒళ్ళు వెచ్చబడిందని తెలిసినా వాళ్ళింటికి పోయి బండి కట్టే దాకా వాకిట్లో నిలబడి పోరేవాడు. 'తలుపు తెరిచే ఉన్నదమ్మా' కట్టాడు గానీ, ఇంట్లో ఒక్కసారి కూడా పాడలేదు. శిష్యులు వాళ్ళ ఇళ్ళలో నేర్చుకొని పోయి పాడారు. పోయిన మనిషిని ఇప్పుడు సంతలో నిలబెట్టి, ఇతడే బిడ్డను పోగొట్టుకున్నాడని ఎట్లా చెప్పడం? అందుకే ఏడాది పాటు పళ్ళు బిగబట్టుకొని చమురు పోసింది.

మళ్ళీ వర్ధంతి వచ్చింది. ఈసారి కర్నూలు నుంచి దొరలు వస్తున్నారని తిమ్మయ్య వీధి ఊడిపించాడు. సిద్దమ్మ ఇంట్లో సందె దీపం వెలిగించాలి, ఆ దీపం నుంచి నాగలక్ష్మమ్మ ఇంకో దీపం ముట్టించుకొని పందిరికి ఊరేగింపుగా పోవాలి, అప్పుడే దాసు కథ ఎత్తుకోవాలి. అట్లా తీర్మానమయింది. సిద్దమ్మను పందిరికి తీసుకుపోవడానికి ఏసేపు బండి కట్టుకొని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ముసలివాడయ్యాడు గానీ బండి విడవలేదు.

పొద్దు వాలుతుండగా హంపమ్మ వచ్చింది. ఏదో దూరపు పల్లెటూరి పిల్ల, ఎండకు ముఖం మాడిపోయి ఉంది. చంకలో కొడుకు, చిన్న ఈరన్న. బిడ్డ తల వెనక్కి వాలి అట్లాగే ఉంది. నేరుగా లోపలికి వచ్చి తంబూర పీట ముందు బిడ్డను పడుకోబెట్టింది.

సిద్దమ్మ వంగి చూసింది. మెడ కింద చెయ్యి పెట్టి లేపబోయింది. మెడ వంగలేదు. తలతో పాటు భుజాలూ లేచాయి. ఆ బిగువు ఆమె చేతికి తెలుసు.

"ఆస్పత్రికి పో. ఇప్పుడే పో."

"ఆస్పత్రి ముందరి నుంచే వచ్చినామవ్వా. ఈడికే తీసుకపొమ్మన్యారు మా అత్తోళ్ళు. దీపం పెట్టు, ఇంత చమురు రాసుకొని పోతాం."

"చమురు ఏం చేయదు. నా మాట ఇను."

"మీరు అట్లే అంటారంట గదా, అయినా ఇడిసిపెట్టొద్దని చెప్పినారు." హంపమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. బిడ్డ పాదాలు రుద్దుతూ, పెద్దామెను మంచి చేసుకోవాలని కాబోలు, అడిగింది. "మీ ఈరక్కను ఏ ఊరికిచ్చినారవ్వా? బిడ్డలెంతమంది?"

సిద్దమ్మ నిలబడిపోయింది. వాకిట్లో నాగలక్ష్మమ్మ కొత్త పట్టుచీర సర్దుకుంటూ పళ్ళెంతో నిలబడి ఉంది. తిమ్మయ్య గడపలో నుంచి, "అక్కా, పొద్దు గూకుతాండాది, దీపం!" అని తొందర చేస్తున్నాడు.

"ఇచ్చినాం" అంది సిద్దమ్మ. "కుందూ ఏటి గట్టుకిచ్చినాం. ఆడ్నే ఉండాది. పూడ్చింది ఆ ఏసేపే, అడుగు."

హంపమ్మ చేతులు ఆగాయి.

"లేవలేదమ్మా నా బిడ్డ. అది దాసు చెప్పే సుద్దులు. ఇదే తంబూర. నువ్వు పండుకోబెట్టిన తావులోనే పండుకోబెట్టినాం. ఇట్లే మెడ బిగుసుకున్నె. బండి వాకిట్లోనే ఉన్నె, ఆస్పత్రికి పోదాం అంటే మా ఆయప్ప వినలే. పాటతో నయం చేస్తా అన్యాడు. పాడతానే ఉండె. పాడతాంటేనే పాయె."

"అక్కా!" తిమ్మయ్య లోపలికి దూకినంత పని చేశాడు. "ఏం మాట్లాడతాండావు? దొరలు వస్తాండారు! మహానుభావుణ్ణి పట్టుకొని..."

"మహానుభావుడు కాదప్పా. నా మొగుడు. తప్పు చేసినాడు. చేసినానని తెలుసుకొని సచ్చేదాకా ఊరి బిడ్డలను బండ్లెక్కించినాడు. అది చెప్పమను మీ దాసును. గజ్జెలు కట్టుకొని అది చెప్పమను, ముందు వరసలో కూర్చొని వింటా."

"ఇంట్లో మాట ఇంట్లో ఉండాల గదక్కా. సభ ఏమైపోవాల?"

"నీ సభకు జొరం రాలేదు తిమ్మయ్యా. ఈ బిడ్డకొచ్చిండాది."

నాగలక్ష్మమ్మ పళ్ళెం పట్టుకొని గడప బయటే ఆగిపోయింది. హంపమ్మ మాత్రం బిడ్డను ఎత్తుకోలేదు. ఒకసారి ముసలామె వైపు, ఒకసారి దీపం వైపు చూస్తూ ఏడుస్తోంది. అంత దూరం నడిచి వచ్చిన మనిషి. "దీపం పెట్టినాక పోతానవ్వా. ఒక్కరవ్వ. దీపం ఒక్కటి పెట్టు, పోతా."

సిద్దమ్మ పీట దగ్గరికి నడిచింది. దీపంలో చమురు పొద్దుటే పోసి ఉంది. కొత్త వత్తి వేసి ఉంది. పక్కనే అగ్గిపెట్టె. ఆమె అగ్గిపెట్టె తీసుకుంది. తిమ్మయ్య హమ్మయ్య అనుకున్నాడు. ఆమె దాన్ని నడుముకు, చీర మడతలో దోపుకొని, వచ్చి హంపమ్మ ఎదుట చతికిలబడింది.

"ఆ పొద్దు మా ఆయప్ప గూడా ఇదే మాట అన్యాడు. దీపం పెట్టినాక పోదాం అని. నేను దీపం పెట్టి తిరిగి చూసేతలికి బిడ్డ లేదు. ఈ పొద్దు పెట్టను. రేపు గూడా పెట్టను. తెల్లారేదాకా కూర్చున్నా ఈడ దీపం ఎలగదు. ఇంక దేనికోసం చూస్తావు? లెయ్."

హంపమ్మ లేచింది. బిడ్డ కోసం వంగబోయింది. సిద్దమ్మే ఎత్తుకొని వాకిట్లోకి నడిచింది. ఏసేపుకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అప్పటికే బండి తిప్పి, ఎద్దుల ముఖం ఆస్పత్రి వైపు పెట్టుకొని ఉన్నాడు. అతని గడ్డం కదులుతోంది. ప్రార్థన కాబోలు, వినబడలేదు.

హంపమ్మను బండెక్కించి, బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టి, "తొందరగా తోలు ఏసేపూ" అంది సిద్దమ్మ.

"నువ్వు చెప్పాల్నా సిద్దక్కా."

ఊరేగింపుకు వచ్చినవాళ్ళు దారి ఇచ్చారు. భజంత్రీలు వాయించాలో వద్దో తెలియక సన్నాయిని చంకలో పెట్టుకున్నారు. బండి వీధి మలుపు తిరిగేదాకా సిద్దమ్మ చూసి, వెనక్కి వచ్చింది.

"అక్కా, దీపం..." అంది నాగలక్ష్మమ్మ, పళ్ళెం కాస్త ముందుకు చాపి. పాపం, ఆమెకు అంతకు మించి ఏమనాలో తెలియలేదు.

"చమురుండాది. వత్తుండాది. నాకే చెయ్యి రాలేదు."

"దొరలకు ఏం చెప్పేది?" అన్నాడు తిమ్మయ్య.

"దాసు ఉండాడు గదప్పా. సచ్చిన బిడ్డను లేపినోడు దీపం లేపలేడా?"

వాళ్ళు ఎంతసేపు నిలబడ్డారో, ఎప్పుడు వెళ్ళారో ఆమె చూడలేదు. లోపలికి పోయి, వంటింటి మూల నుంచి జల్లెడ తెచ్చుకుంది. బిడ్డతో తిరిగి వచ్చినా, ఒట్టి చేతులతో వచ్చినా, ఆ పిల్ల హంపమ్మ పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండదు. రెండు రొట్టెలన్నా ఉండాలి. పొయ్యి వెలుతురులో జొన్నపిండి జల్లిస్తూ, బండి చప్పుడు కోసం వీధి వైపు ఒక చెవి పెట్టి కూర్చుంది. సంతబయలు వైపు చిడతలు ఒకసారి మోగి ఆగిపోయాయి. ముందరి గదిలో చీకటి పడింది. తంబూర ముందు ఇత్తడి దీపంలో వత్తి తెల్లగా, పొద్దున వేసింది వేసినట్టే ఉంది.